తీసివేత ఎక్కడ తప్పుతోంది? మీ తరగతిలో యాక్షన్ రీసెర్చ్ చేయడం ఎలా

యాక్షన్ రీసెర్చ్ అంటే మన తరగతిలోని సమస్యను మనమే పరిశీలించి సరిచేసుకోవడం. టీచర్ ట్రైనింగ్‌లో, డీఈడీలోనో బీఈడీలోనో, ఆ పేరుతో మన టీచర్లమంతా ఒక రికార్డు రాశాం. సీనియర్ల రికార్డు చూసి రాసినవాళ్లే ఎక్కువ, దాపరికమెందుకు! 1946లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఈ పద్ధతి గురించి రాసినప్పుడు చెప్పింది వేరు: ఏం చేయాలో అనుకోవాలి, చేసి చూడాలి, ఏమైందో గమనించాలి, మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

ముందు సమస్యను చిన్నది చేసుకోండి. "పిల్లలకు లెక్కలు రావు" అంటే దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియదు. దేవరకొండ వైపు ఒక ప్రైమరీ స్కూల్లో నాలుగో తరగతికి చెప్పేటప్పుడు నేను ఒక్క తప్పునే పట్టుకున్నా. 52లో నుంచి 27 తీసేయమంటే 35 అని రాస్తున్నారు. వలసలు, ఇంటి పరిస్థితులు నిజమైన కారణాలే. కానీ అవి మూడు వారాల్లో మన చేతుల మీదుగా మారేవి కావు.

తర్వాత పది లెక్కలతో చిన్న పరీక్ష పెట్టండి. ఐదు మామూలువి, ఐదు అప్పు తీసుకోవాల్సినవి. మార్కులు వేసి వదిలేయకుండా, ఎవరు ఏ లెక్క దగ్గర తప్పారో పేరుపేరునా రాసుకోండి. మామూలువన్నీ సరిగ్గా చేసి రెండో రకంలోనే తప్పితే ఆ పిల్లవాడికి తీసివేత వచ్చినట్టే. చిక్కంతా ఒక్క మెట్టు దగ్గరే ఉంది.

అసలు పని ఇక్కడుంది. తప్పు చేసినవాళ్లను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్ల చేసినవ్ బిడ్డా, చెప్పు" అని అడగండి. మధ్యలో దిద్దకండి. మన నోరు ఊరుకోదు, అదే కష్టం. ఒక పాప నాతో "రెండులకెల్లి ఏడు పోదు గద సార్, అందుకే ఏడులకెల్లి రెండు తీసిన" అంది. ఇంకో పిల్లవాడికి వేరే టెన్షన్: "అప్పు తెచ్చినంక మళ్ల ఇయ్యొద్దా సార్?" ఏళ్లుగా నేను వాడుతున్న ఆ మాటే వాడికి అడ్డం పడుతోందని అప్పటిదాకా నాకు తట్టలేదు. అదే తప్పు పక్కన ఎర్ర ఇంకుతో 'అజాగ్రత్త' అని ఎన్ని నోటుబుక్కుల్లో రాశానో!

కారణం దొరికాక, ఏం చేస్తే తగ్గుతుందనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. దీన్నే పరికల్పన అంటారు. నేను రాసుకున్నది: "అప్పు బదులు చిల్లర అని చెప్పి డబ్బులతో చేయిస్తే ఈ తప్పు తగ్గుతుంది." ఆటలు, పాటలు, వర్క్‌షీట్లు అన్నీ ఒకేసారి దించితే దేనివల్ల మేలు జరిగిందో తేలదు.

అట్టతో పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు కోశాం. 52 అంటే ఐదు నోట్లు, రెండు బిళ్లలు. కిరాణా కొట్టులో 27 ఇవ్వాలి, ఏడు బిళ్లలు లేవు. ఒక నోటు చిల్లర చేస్తే నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. రెండు నోట్లు, ఏడు బిళ్లలు ఇచ్చేస్తే 25 మిగులుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు, మూడు వారాలు.

రోజూ రెండు వాక్యాలైనా డైరీ రాయండి. మూడో రోజు నా డైరీలో "నోట్లతో సరిగ్గానే చేస్తున్నారు, పలక మీద మళ్లీ పాత తప్పే" అని ఉంది. మర్నాటి నుంచి నోటు మార్చగానే పలక మీద కూడా ఆ మార్పు రాయించాను. అది రాసుకోకపోతే మూడు వారాలూ ఆటలోనే గడిచిపోయేవి.

పత్తి ఏరే రోజుల్లో, బతుకమ్మ సెలవుల ముందు ఇది పెట్టుకోకండి. హాజరు పడిపోతే లెక్క తేలదు. జూలై, ఆగస్టు నయం.

చివర అంకెలు మార్చి అదే రకం పది లెక్కలు ఇవ్వండి. ప్రతి పేరు ఎదురుగా పాత ఫలితం, కొత్త ఫలితం రాయండి. ఎక్కువ రోజులు రానివాళ్లను విడిగా చూడండి. రెండు వారాలు ఆగి, చెప్పకుండా ఇంకోసారి పరీక్షించండి. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో కుదిరినదాంతో పాటు కుదరనిదీ చెప్పండి.

మాకు కుదరనిది 403లో నుంచి 178. మధ్యలో సున్నా, చిల్లర చేద్దామంటే పది నోటే లేదు. అట్టతో వంద రూపాయల నోట్లు కూడా కోసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.