ఎండ్యూరెన్స్ పోటీలో గుర్రం ఆగిపోతోందా? లక్షణం నుంచి మూలం దాకా

ఎండ్యూరెన్స్ అంటే గుర్రాన్ని చాలా దూరం, లూప్‌లనే విడతలుగా పరిగెత్తించే పోటీ. లూప్ చివర పశువైద్యుడు (వెట్) గుర్రాన్ని తనిఖీ చేసే చోటు వెట్ గేట్. అక్కడ బయటపడే లోపం చాలాసార్లు అక్కడ పుట్టింది కాదు. పది, పదిహేను కిలోమీటర్ల వెనకే మొదలై ఉంటుంది. అందుకే కింద చెప్పిన ప్రతి లక్షణానికీ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఎక్కడ మొదలైంది? 100 కిలోమీటర్ల పోటీ అయినా 160 కిలోమీటర్లదైనా ఇందులో తేడా లేదు.

గుండె వేగం 64కు దిగడం లేదు

ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) పోటీల్లో, చివరిది కాని లూప్ ముగించి వచ్చిన గుర్రం గుండె వేగం 15 నిమిషాల్లో నిమిషానికి 64 లేదా అంతకన్నా తక్కువకు దిగాలి. అది దిగి, గుర్రాన్ని తనిఖీకి ఇచ్చేదాకా లూప్ గడియారం నడుస్తూనే ఉంటుంది. కొన్ని పోటీల్లో పరిమితి ఇంకా తక్కువ పెడతారు కాబట్టి ముందురోజు నియమాలు చదివి ఉంచుకోండి.

ముందు లెక్క సరిచూసుకోండి. స్టెతస్కోప్‌ను గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక, పక్కటెముకలకు ఆనించాలి. 'లబ్-డబ్' రెండూ కలిపి ఒక్క కొట్టుకోవడమే. కొత్తవాళ్లు వాటిని రెండుగా లెక్కపెట్టి కంగారు పడుతుంటారు. 15 సెకన్లలో 16 వస్తే 64, 17 వస్తే 68. ఆ ఒక్క చప్పుడు దగ్గరే అనుమానం వస్తుంది కాబట్టి పరిమితి అంచున ఉన్నప్పుడు 30 సెకన్లు లెక్కపెట్టండి.

తరవాత వేగం దిగే తీరు చూడండి. కారణం చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

నాలుగైదు నిమిషాల్లో సాఫీగా దిగినా, ఆ నిమిషాలతో లూప్ సమయం పెరిగిపోతోందంటే, చివరి కిలోమీటరులో వేగం ఎక్కువైందని అర్థం. గేటుకు కిలోమీటరు ముందే నడకలోకి దింపండి. రౌతు దిగి, జీను పట్టీ ఒకటి రెండు బొక్కలు వదులుచేసి, పక్కన నడిచి వస్తే ఇంకా మంచిది.

పక్క గుర్రం వెళ్లిపోగానే వేగం పైకి లేచి, మళ్లీ దిగుతోందంటే అది ఉద్రేకం. తోడుగా పరిగెత్తిన గుర్రాన్ని కనుచూపు మేరలోనే ఉంచమని అడగండి. స్టార్టులోనే పగ్గాలు లాగేసే గుర్రాన్ని తొలి గుంపుతో వదలకుండా, అయిదు పది నిమిషాలు ఆగి పంపండి.

ఒళ్లు కాలిపోతుంటే థర్మామీటర్ పెట్టి చూడండి. విశ్రాంతిలో 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. 40 దాటితే అన్నీ పక్కనపెట్టి చల్లబరచాలి. మెడ, రొమ్ము, కాళ్ల లోపలి వైపు ఆపకుండా నీళ్లు పోస్తూనే ఉండండి. ఒకసారి పోసి వదిలేస్తే ఆ నీటి పొర వేడెక్కి ఒంటికి అంటుకుని ఉంటుంది. తడి తువ్వాలు కప్పి ఉంచినా అదే ఇబ్బంది. నీడ, గాలి రెండూ ఉన్న చోటు వెతకండి. 41కి చేరితే వెట్‌ను వెంటనే పిలవాలి.

72 దగ్గర ఆగి కదలకపోతే నొప్పిగానీ, ఒంట్లో నీరు తగ్గడంగానీ కారణమై ఉంటుంది. దీన్ని నీళ్లు పోసి దించాలని చూడకండి. ఎలాగోలా 64కు దించినా, తనిఖీలో గుర్రాన్ని ట్రాట్ (నెమ్మది పరుగు) చేయించి నిమిషం తరవాత మళ్లీ లెక్కపెట్టినప్పుడు వేగం పెరిగి కనిపిస్తుంది. ఇలాంటి గుర్రాన్ని తరవాతి లూప్‌కు తీసుకెళ్లకండి.

నీళ్లు తాగడం లేదు

ఎండలో కష్టపడే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట పోయగలదు. మన చెమటకంటే గుర్రం చెమటలో ఉప్పు ఎక్కువ. నీటితోపాటు ఉప్పు కూడా పోవడంతో రక్తం చిక్కబడ్డా ఉప్పదనం పెరగదు, మెదడుకు దాహం కబురు అందదు. గుర్రం నీటి తొట్టి ముందు నిలబడి, మూతి తడుపుకుని తల తిప్పేసుకునేది ఇందుకే. అది మొండితనం కాదు.

చిగుళ్లు వేలితో నొక్కి వదలండి. రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు జిగటగా ఉంటే, భుజం మీద చర్మం పట్టి లాగితే వెంటనే సర్దుకోకపోతే లోటు అప్పటికే మొదలైంది.

ఏం చేయాలి: ప్రతి నీటి చోటా ఆగండి. తాగకపోయినా ఒకట్రెండు నిమిషాలు పగ్గం వదులుగా పట్టుకుని ఎదురుచూడండి. చాలా గుర్రాలు మొదటి 25, 30 కిలోమీటర్లు నీళ్లు ముట్టవు, ఆ తరవాత బాగా తాగుతాయి. గేటులో ఎండుగడ్డి పొడిగా కాకుండా నానబెట్టి ఇవ్వండి. తవుడు పల్చగా కలిపితే దాంతోపాటు నీరు కూడా లోపలికి పోతుంది. తాగే తొట్టిలో స్పాంజి ముంచకండి. చెమట ఉప్పు కలిసిన నీటిని వెనక వచ్చే గుర్రాలు కూడా ముట్టవు.

ఎలక్ట్రోలైట్లు (చెమటతో పోయే లవణాలు): రెండు పాళ్లు మామూలు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్. ఈ మిశ్రమం 30 నుంచి 60 గ్రాములు యాపిల్ గుజ్జులో కలిపి, సూది లేని పెద్ద సిరంజితో బుగ్గ పక్క నుంచి నోట్లోకి ఎక్కించాలి. గుర్రం నీళ్లు తాగాకే ఇవ్వాలి. నీరు తగ్గి, తాగనని మొరాయిస్తున్న గుర్రానికి గాఢమైన ఉప్పు పట్టిస్తే, అది ఒంట్లో ఉన్న నీటినే పేగుల్లోకి లాగేస్తుంది. సాయం చేయబోయి చేసే హాని ఇది. కొత్త మిశ్రమాన్ని సాధనలో అలవాటు చేయకుండా పోటీ రోజున వాడకండి.

డొక్క గుండెతో పాటు కొట్టుకుంటోంది

దీన్ని థంప్స్ అంటారు. చేయి డొక్క మీద, స్టెతస్కోప్ గుండె మీద పెడితే రెండూ ఒకే తాళంలో పడతాయి. క్యాల్షియం, క్లోరైడ్ తగ్గి, విభాజక పటలపు (ఊపిరి తీయించే కండర పొర) నరం గుండె విద్యుత్తుకు స్పందించడం వల్ల ఇలా జరుగుతుంది. గుర్రం అక్కడితో పోటీ ఆపాలి, చికిత్స వెట్ పని. మళ్లీమళ్లీ వస్తుంటే మేత చూడండి. రోజూ లూసర్న్ (క్యాల్షియం ఎక్కువుండే అల్ఫాల్ఫా మేత) దండిగా పెడితే, ఎముకల్లోని క్యాల్షియాన్ని అవసరానికి బయటికి తీసుకునే అలవాటు ఒంటికి తగ్గుతుంది. పోటీకి ముందు రోజుల్లో దాన్ని తగ్గించి, మామూలు ఎండుగడ్డి పెంచండి.

అడుగు పొట్టిదై, వెనక భాగం రాయిలా బిగిసింది

కండలు ఇలా బిగుసుకుపోవడాన్ని టైయింగ్ అప్ అంటారు. సెలవు రోజున కూడా దాణా తగ్గించని గుర్రాల్లో, తొలి కిలోమీటర్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. నడిపిస్తే వదులవుతుందనుకోవడం పొరపాటు, నడిచేకొద్దీ కండ మరింత చిట్లుతుంది. ఉన్నచోటే నిలిపి, చలిగాలి ఉంటే వెనక భాగం కప్పి, వెట్‌నూ బండినీ అక్కడికే పిలిపించండి. మూత్రం కాఫీ రంగులో వస్తే కండ కరిగి మూత్రపిండాల మీద పడుతోందని అర్థం. నొప్పి మందు మీ అంతట మీరు ఇవ్వకండి. నీరు తగ్గిన గుర్రానికి అది మూత్రపిండాల్ని ఇంకా దెబ్బతీస్తుంది, పోటీలో నిషిద్ధం కూడా.

ట్రాట్‌లో తల ఊగుతోంది

నొప్పి ఉన్న ముందుకాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. ముందు డెక్క ఎత్తి, అడుగున ఉండే మెత్తటి ముక్కోణపు భాగం (ఫ్రాగ్) పక్క గాడుల్లో రాయి ఇరుక్కుందేమో గోకి చూడండి. లాడం కదులుతోందా, మేకు తల పైకి లేచిందా చూడండి. మేకు మరీ లోపలికి దిగి ఉంటే కుంటు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. అందుకే లాడాలు పోటీకి ఏడు నుంచి పది రోజుల ముందు వేయించాలి. డెక్క బూట్లు వాడేవాళ్లు, డెక్క చెక్కించిన వెంటనే కొలత తీసుకుని, మడమ దగ్గర రాపిడి ఉందో లేదో సాధనలోనే చూసుకోవాలి.

వీపు నొక్కితే ముడుచుకుంటోంది

జీను తీయగానే చెమట గుర్తు చూడండి. చుట్టూ తడిసి, మధ్యలో అరచేతి మేర పొడిగా ఉన్న చోట ఒత్తిడి ఎక్కువ పడుతోంది. నొప్పి ఒక పక్కే ఉంటే జీనుకంటే ముందు రౌతును అనుమానించండి. ట్రాట్‌లో ఎప్పుడూ ఒకే డయాగనల్ (ఒక ముందుకాలు, దానికి ఎదురు మూల వెనకకాలు కలిసిన జత) మీద లేచి కూర్చునేవాళ్లు కొన్ని నిమిషాలకోసారి మార్చాలి. పట్టీ కింద చర్మం ఒరుసుకుంటుంటే, బిగించాక ముందుకాళ్లు ఒక్కొక్కటీ ముందుకు లాగి మడతలు పోగొట్టండి. ప్రతి గేటులో పట్టీకి పట్టిన ఉప్పు కడగండి.

ముగించాక నీరసపడింది

ముగింపు గీత దాటాక గంటా రెండు గంటల్లో కుప్పకూలే గుర్రాలున్నాయి. డొక్క రెండు పక్కలా, పైనా కిందా, మొత్తం నాలుగు చోట్ల పేగుల చప్పుడు వినండి. ఎక్కడా వినిపించక, గడ్డి ముట్టకపోతే వెట్‌కు చెప్పండి. తిని, తాగి, మూత్రం పోసేదాకా బండి ఎక్కించకండి. మర్నాడు పొద్దున నాలుగు కాళ్లూ తడిమి చూడండి. అన్నీ సమంగా వాచి, నడిపిస్తే తగ్గితే ఫరవాలేదు. ఒక్క కాలే వేడిగా వాచి ఉంటే స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం) దెబ్బ అనుకుని, స్వారీ ఆపి, అల్ట్రాసౌండ్ చేయించండి.