మడ అడవిని ఊరివాళ్ళతో కలిసి మళ్ళీ పెంచడం ఎలా?

మడ అడవి, అంటే సముద్రపు పోటు వచ్చే ఉప్పు బురదలో పెరిగే అడవి, అనగానే మన తిరుపతివాళ్ళకి కాకినాడ దగ్గరి కోరింగే గుర్తొస్తుంది. కానీ 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తడ, సూళ్ళూరుపేట, వాకాడు మన జిల్లాలోకి వచ్చాయి, వాటితో పాటే పులికాట్ సరస్సులో ఆంధ్రా వైపు భాగం కూడా. అక్కడికి బస్సు కట్టుకుని వెళ్ళి, మొక్కలు నాటి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, చీకటి పడేలోపు కొండ కిందికి వచ్చేసే కార్యక్రమం గురించి అయితే ఇది కాదు. నిజంగా అడవి లేవాలంటే నాటడం చాలా తర్వాతి పని.

మొదట బురదలోకి దిగేవాళ్ళని కలవండి. సర్పంచ్‌ని కలవాల్సిందే, కానీ అక్కడితో ఆగిపోకండి. చేత్తో పీతలు, రొయ్యలు పట్టే యానాదులు, వలలేసే పట్టపువాళ్ళు, గేదెలు తోలేవాళ్ళు, వీళ్ళకి తెలిసింది ఏ ఆఫీసు ఫైల్లోనూ ఉండదు. మీటింగ్ అని పిలిస్తే సగం మంది రారు, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు మీరే వెళ్ళండి. "పెద్దాయనా, పోటుకి నీళ్ళు ఎందాకా వస్తాయి? నీ చిన్నప్పుడు మడ ఎక్కడుండేది?" అని అడిగి, ఆయన చేతే పుల్లతో నేలమీద గీయించండి. ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాలి, వంటచెరకు ఎక్కడినుంచి తెస్తారో నలుగురి ముందు చెప్పరు. ఇంకో మాట, పులికాట్ జాలర్లలో 'పాడు' అనే కట్టుబాటు ఉంది, ఏ చోట ఎవరి వంతో వాళ్ళే తేల్చుకుంటారు. అలాంటిది నడుస్తున్న ఊళ్ళో కొత్త కమిటీని నెత్తిన రుద్దడం అనవసరం.

కాగితాల పని విసుగే, తప్పదు. పులికాట్ పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ వన్యప్రాణి విభాగం అనుమతి లేకుండా అందులో ఏ పనీ మొదలుపెట్టకూడదు. గ్రామసభ తీర్మానం తీసుకుని, వన సంరక్షణ సమితి గానీ ఎకో డెవలప్‌మెంట్ కమిటీ (అభయారణ్యం పక్క ఊళ్ళలో అటవీశాఖ పెట్టించేది) గానీ ఉంటే దాని ద్వారానే వెళ్ళండి. 2023లో వచ్చిన మిష్టి, అంటే మడ అడవులు పెంచే కేంద్ర పథకం, ఉపాధి హామీ నిధులు, కాంపా నిధులు (అడవి పోయినందుకు కట్టించే పరిహారం) కలిపి వాడుకునేలా పెట్టింది, దాని గురించి అడగండి. రొయ్యల చెరువులవాళ్ళతో పేచీ వస్తే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు చూపించండి: మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు వదలాలి.

అసలు సంగతి నీళ్ళు. మడ చచ్చిపోయిన చోట నేలమీద తెల్లగా ఉప్పు పేరుకుని, కాలేస్తే పెళపెళమంటుంటే, వచ్చిన పోటు నీళ్ళు వెనక్కి పోక అక్కడే ఎండిపోతున్నాయని అర్థం. అలాంటి చోట ఎన్ని మొక్కలు పెట్టినా మాడిపోతాయి. పీత బొరియలు తడిగా కనిపిస్తే మాత్రం ఆశ ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇలాంటి నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తీశారు, మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు, పోటుకి నిండి, నీళ్ళు వెనక్కి తీసే పాటుకి ఖాళీ అయ్యేలా. తవ్వకం కూలీ ఆ ఊరివాళ్ళకే వెళ్ళాలి, జేసీబీ కాంట్రాక్టరుకి కాదు, ఎందుకంటే రేపు పూడిక తీయాల్సింది వాళ్ళే. దగ్గర్లో తల్లిచెట్లు ఉండి నీళ్ళు కుదిరితే తెల్లమడ అనే రకం చాలాసార్లు దానంతటదే మొలుస్తుంది, మీరు నాటక్కర్లేదు కూడా.

ఫ్లెమింగోలు మేసే ఖాళీ బురద మేటల్లో మాత్రం దయచేసి నాటకండి. ఖాళీగా ఉందని అది బంజరు కాదు, వాటి తిండంతా అక్కడే.

నాటాల్సి వస్తే ఊళ్ళోనే నర్సరీ పెట్టించండి, డ్వాక్రా అక్కలకి ఇది బాగా కుదిరే పని. రాలిన తెల్లమడ గింజల్ని రాత్రంతా నీళ్ళలో వేస్తే, పితికిపప్పుకి అనపగింజలు పితికినట్టు తొక్క ఊడొస్తుంది, అప్పుడు సంచుల్లో బురద నింపి పెట్టాలి. ఉప్పుపొన్న అనే ఇంకో మడ రకానికి ఈ తతంగం లేదు, చెట్టుమీదే మొలకెత్తిన పొడుగాటి కాడని నేరుగా బురదలో గుచ్చేయొచ్చు. ఈశాన్య వానలకి నీళ్ళలో ఉప్పు తగ్గినప్పుడు మొక్క తొందరగా నిలదొక్కుకుంటుంది.

తర్వాత గేదెలు. లేత మడ ఆకు వాటికి మహా ఇష్టం. కంచె కంటే తోలేవాళ్ళతో ఒప్పందం మేలు, ఎటు మేపుకోవచ్చో, తప్పితే జరిమానా ఎంతో ఊరే రాసుకోవాలి. జమాఖర్చులు రచ్చబండ దగ్గర చదివి వినిపించండి, లేకపోతే గుసగుసలు మొదలవుతాయి. ఏడాదికోసారి బతికిన మొక్కలు లెక్కపెట్టండి, చచ్చినచోట కారణం తెలియకుండా అదే గుంటలో మళ్ళీ పెట్టొద్దు. ఏ పీతలు, ఏ రొయ్యపిల్లలు తిరిగి కనిపిస్తున్నాయో పట్టేవాళ్ళ చేతే నోట్‌బుక్‌లో రాయించండి, వాళ్ళకి రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లలు రాసిపెడతారు.