గుమ్మడికాయని మొదటి రోజే కోసేయకండి

ఆకురాలే కాలంలో చిన్న తరగతుల పిల్లలతో ఏదైనా చేయిద్దామని గుమ్మడికాయ తేవడం, తెచ్చిన రోజే కోసి కళ్లూ ముక్కూ చెక్కేయడం చాలామందికి అలవాటు. కానీ కోసిన కాయ నాలుగు రోజులు కూడా సరిగ్గా నిలవదు, కోయని కాయైతే వారాల తరబడి ఉంటుంది. అందుకే ముందు కొలతలు, తర్వాత రంగులు, కత్తి చివరికి. నలుగురైదుగురు పిల్లలకు ఒక కాయ ఉంటే మంచిది, అంతకంటే ఎక్కువమంది చేరితే వెనకున్నవాళ్లకి చూడటమే మిగులుతుంది.

మొదలు దారంతో పెట్టండి. కాయ నడుము చుట్టూ సరిగ్గా సరిపోయేంత దారాన్ని చూపుతోనే అంచనా వేసి కత్తిరించమని ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెప్పండి, ఆ తర్వాత చుట్టి చూసుకోమనండి. అంచనా తప్పిన పిల్లలు ఇంకోసారి, ఇంకోసారి అని వాళ్లే అడుగుతారు. అప్పుడు సరిగ్గా సరిపోయిన దారాన్ని మూడు మడతలు పెట్టి కాయ వెడల్పు పక్కన పట్టి చూపించండి, కాయ గుండ్రంగా ఉంటే దాదాపు సమానంగా వస్తుంది. చుట్టుకొలత వెడల్పుకి ఎన్ని రెట్లో చెప్పే ‘పై’ (π) అనే సంఖ్య గురించి చెప్పే వయసు కాకపోయినా ఈ సంగతి వాళ్లకి గుర్తుండిపోతుంది. తర్వాత పెద్ద టబ్బులో నీళ్లు పోసి, కాయ మునుగుతుందా తేలుతుందా అని చేతులెత్తించి అడగండి. అంత బరువున్నది తేలుతుందని చాలామంది అనుకోరు. లోపల డొల్ల ఉంది కాబట్టి తేలుతుంది.

అదే రోజు ఆకులు కూడా ఏరించండి, ఎందుకంటే అవి ఆరడానికి టైమ్ పడుతుంది. బాగా ఎండినవి పొడైపోతాయి, కొత్తగా రాలి ఇంకా మెత్తగా ఉన్నవే కావాలి. తుడిచి, న్యూస్‌పేపర్ల మధ్య ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. రెండు రోజులకోసారి పేపరు మార్చకపోతే బూజు పడుతుంది. ఒకటి రెండు వారాల్లో అతికించడానికి సిద్ధం. అంతవరకూ ఆగలేని పిల్లలకు ఆకు అచ్చులు ఉన్నాయి: ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న వైపు పైకి పెట్టి, పల్చటి కాగితం కప్పి, చుట్టూ ఉన్న కాగితం తీసేసిన క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే కాగితం చిరుగుతుంది.

ఆకులు ఎందుకు పసుపు అయ్యాయని తప్పకుండా అడుగుతారు. పసుపు కొత్తగా రాలేదు, ముందునుంచీ ఆకులోనే ఉంది, పచ్చదనం ఇచ్చే పత్రహరితం విరిగిపోయేసరికి బయటపడింది. ఆ పసుపునిచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల జాతిదే గుమ్మడికాయ నారింజ రంగు కూడా. ఈ మాట చెబుతూ ఆకునీ కాయనీ పక్కపక్కన పెట్టి చూపించండి, నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

రంగులు వేయించేటప్పుడు ఒక చిక్కుంది. కాయ తొక్క నున్నగా, మైనం పూసినట్టు ఉంటుంది, నీళ్ల రంగులు జారిపోతాయి. తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనిచ్చి అక్రిలిక్ రంగులు వాడండి, లేకపోతే పోస్టర్ కలర్లో కాస్త తెల్ల జిగురు కలపండి. ముందే మాస్కింగ్ టేపు చారలుగా అతికించి, పైన రంగేసి, పూర్తిగా ఆరకముందే టేపు లాగేస్తే బొమ్మలు గీయడం రాని పిల్లలకి కూడా చక్కటి డిజైన్ వస్తుంది. రంగేసిన కాయ వంటకి పనికిరాదు.

ఇక కోత. కత్తి పట్టేది పెద్దవాళ్లే, ఇందులో బేరాల్లేవు. కింద తడి తువ్వాలు వేస్తే కాయ జారదు. పైభాగం తీసేశాక గరిటెలు, చెంచాలు పిల్లలకి ఇచ్చేయండి. కొందరికి ఆ జిగటా పీచూ అస్సలు పడవు, బలవంతం వద్దు, వాళ్లకి గింజలు లెక్కపెట్టే పని ఇవ్వండి. లెక్కకి ముందు ఎన్ని ఉంటాయో అందరూ చీటీ మీద రాయాలి. తర్వాత పదేసి గింజలు ఒక కుప్ప, పది కుప్పలైతే ఒక గిన్నె. పదులూ వందలూ బోర్డు మీద ఎంత చెప్పినా ఇంత తేలిగ్గా అర్థం కావు.

గింజల్ని జల్లెడలో కడిగి పళ్లెంలో పల్చగా ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. ఆరాక జిప్ కవర్లో కొన్ని చుక్కల ఫుడ్ కలర్ వేసి ఊపితే రంగు పడుతుంది, అట్ట మీద గీసిన ఆకు బొమ్మలో జిగురుతో అంటించుకోవచ్చు. మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు అందనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. రంగేయని గింజలు కొన్ని దాచి, తడి టిష్యూలో చుట్టి వెచ్చని చోట పెడితే వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి.

మిగిలిన ఒక చిన్న ముక్కని పెద్ద ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, చుట్టూ టేపు వేసి కిటికీ దగ్గర పెట్టండి. కొద్ది రోజుల్లో బూజు మొదలవుతుంది. రోజు విడిచి రోజు పిల్లలు దాని బొమ్మ గీసి తేదీ వేయాలి. ఎంత అడిగినా మూత మాత్రం తీయొద్దు, బూజు పొడి ఆస్తమా ఉన్న పిల్లలకి మంచిది కాదు. చూడటం అయిపోయాక సీసాతో సహా చెత్తలో వేసేయండి, మిగతా డొప్పకి రంగు తగలకపోయి ఉంటే ముక్కలు చేసి మట్టిలో పాతించండి.