కొత్త సంఘానికి పునాది మాటలు – 4వ పాఠం: కాగితం ఇంట్లో పెట్టి రండి

పోయిన పాఠంలో ఒక నోటుబుక్కు మొదలుపెట్టమన్నాను. సంఘంలో ఎన్ని కుటుంబాలు, ఎవరు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరు ఇంకా వింటూ ఉన్నారు, ఎవరు ఏ ఊరి నుంచి ఆటో ఎక్కి వస్తున్నారు అనే వివరాలు అందులో ఉండాలి. ఆ పుస్తకం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి, దానితో పనుంది.

ఈసారి నేర్చుకునేది ఒక కూడిక నడపడం. సంఘం ఎలా నడవాలో సంఘమే కూర్చుని చెప్పుకునే కూడిక.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా సంఘం ఒక ఇంటి వసారాలో మొదలై, రెండేళ్లకు ముప్పై కుటుంబాలైంది. నియమావళి కావాలన్నారు. తెలిసినవాళ్ల దగ్గర పదకొండు పేజీల కాపీ తెచ్చి, సంఘం పేరు మార్చి టైపు చేయించి, ఆదివారం ఆరాధన అయ్యాక గబగబా చదివేశాను. "అందరికీ సమ్మతమేనా?" అంటే "ఆమేన్" అన్నారు. మనవాళ్లకు ఆమేన్ అలవాటు. పాస్టరు గారు నీళ్లు తాగడానికి ఆగినా అంటారు. ఆరు నెలలకు కానుకల లెక్క దగ్గర మాట వచ్చింది. పెట్టె ఎవరు తెరవాలి, ఎంతమంది ఎదుట లెక్కపెట్టాలి అన్నది ఆ పేజీల్లో స్పష్టంగానే ఉంది. ఎవరికీ గుర్తులేదు, చదివిన నాకూ గుర్తులేదు. తీసి చూపిస్తే ఒక పెద్దాయన, "అది మీ కాగితం కదా అయ్యగారూ" అన్నాడు.

అందుకే ఈ కూడికకు రాసుకున్న ముసాయిదా తీసుకురావద్దు. ప్రశ్నలు తీసుకురండి.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీయండి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో లోటు జరుగుతోందని సణుగుడు మొదలైంది. పన్నెండుమంది అపొస్తలులు తలచుకుంటే ఆ సాయంత్రమే ఏడుగురి పేర్లు చదివి పంపేయగలరు. అలా చేయలేదు. శిష్యులందరినీ పిలిచారు, ఎలాంటివాళ్లు కావాలో చెప్పారు, మనుషులను ఎంచుకునే పని వాళ్లకే వదిలారు. ఎంపికైనవాళ్ల పేర్లు ఒకసారి పైకి చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! సణుగుడు ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని ఈ వచనాలు మళ్లీ చదవండి.

ఇక ప్రశ్నల సంగతి. "మన సంఘం ఆదర్శాలు ఏమిటి?" అని అడిగారా, అందరూ బైబిలు తిరగేస్తూ తల వంచుకుంటారు. సిద్ధాంతం అడిగితే మనవాళ్లు పాస్టరు గారి ముఖం చూస్తారు. జరిగిన సంగతి అడిగితే నోరు విప్పుతారు. ఇలా అడిగి చూడండి:

"మొన్న మన సంఘంలో చావు జరిగినప్పుడు మొదట ఎవరు వెళ్లారు? పెట్టెకు, గుంట తవ్వించడానికి డబ్బు ఎవరిచ్చారు? వెళ్లాల్సి ఉండి వెళ్లనిది ఎవరు?"

"పాస్టరు గారు ఊళ్లో లేని ఆదివారం వాక్యం ఎవరు చెప్పాలి? ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వచ్చా, ఆపాలా?"

"ముందూ వెనకా తెలియని ప్రసంగీకుడు వచ్చి మైకు అడిగితే?"

"మన పిల్లకు బయట సంబంధం కుదిరితే, పెళ్లి మందిరంలో చేస్తామా?"

నాలుగైదు చాలు. మీ సంఘంలో నిజంగా జరిగినవే ఎంచుకోండి, కానీ ఇంకా పచ్చిగా ఉన్న గొడవను మాత్రం మొదటి రోజే తేవద్దు. రెండు పేటలవాళ్లు కలిసి వచ్చే సంఘమైతే ఇంకో ప్రశ్న తప్పదు: బల్ల దగ్గర అందరికీ ఒకే పాత్రేనా? మంచినీళ్ల బిందె దగ్గర ఒకే గ్లాసేనా? అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. అడగని చోట జవాబు లేదనుకోవద్దు. అది ఎప్పటి నుంచో అమల్లో ఉంటుంది, పైకి రాదు, అంతే.

కూర్చోవడం ఎలా అన్నది ఈ పాఠంలో సగం. కుర్చీలు వద్దు, చాపలు వేయండి. స్త్రీలు ఒక గుంపు, యవ్వనస్తులు ఒకటి, మగవాళ్లు రెండు గుంపులు. ఒక్కొక్కదానిలో ఏడెనిమిది మందికి మించకూడదు. కలిపి కూర్చోబెడితే కోడలు అత్తగారి ముందు మాట్లాడదు, కొడుకు తండ్రి ముందు మాట్లాడడు. స్థలం ఇచ్చిన కుటుంబం ఉంటే వాళ్లను ఒకే గుంపులో పెట్టకుండా విడదీసి కూర్చోబెట్టండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లు నోరు తెరిస్తే మిగతావాళ్లు మూసుకుంటారు. అరగంటయ్యాక అందరూ ఒకచోట చేరాలి. మొదట స్త్రీల గుంపు చెబుతుంది, తర్వాత యవ్వనస్తులు, ఆ తర్వాత మగవాళ్లు. పాస్టరు గారిది చివరి మాట. నాకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. జవాబు నాలుక చివర ఉంటుంది, ఆపుకోవాలి. ఆగలేనని తెలిసి ఒకసారి టీ పెట్టే పని తీసుకున్నాను.

చెప్పిన మాటను చెప్పినట్టే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. "చావింటికి ముందు మనుషులు పోవాల, పాట తర్వాత" అని ఒక అవ్వ అంటే, దాన్ని "సానుభూతి పరిచర్య" అని దిద్దవద్దు. దిద్దిన క్షణం నుంచి ఆ మాట అవ్వది కాదు. చదువు రానివాళ్ల కోసం రాసిన ప్రతిదీ రెండుసార్లు పైకి చదివి, "మీరన్నది ఇదేనా?" అని అడగండి.

రాత ఎంత పొడవుండాలని చాలామంది అడుగుతారు. 1867 జనవరి 1న ఒంగోలులో బాప్తిస్టు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మిషనరీ జాన్ క్లౌ అక్కడ మాదిగపల్లెల విశ్వాసుల ముందు పెట్టినవి మూడే నియమాలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అక్షరం రానివాడు కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకోగలడు. అయితే ఆ మూడూ పాటించడం తేలిక కాలేదు. జాతరలో డప్పు కొట్టబోమంటే, ఆదివారం పనికి రామంటే ఊరి పెద్దలు ఊరుకోలేదు. నియమం కాగితం మీద ఎవరు రాసినా, దాని ఖరీదు పల్లెలోనే కట్టాలి. అందుకే ఖరీదు కట్టేవాళ్లు ఆ గదిలో ఉండాలంటాను.

కూడిక అయ్యాక చార్టులన్నీ ముందేసుకుని మూడు కుప్పలు చేయండి. బైబిలు తేల్చేసినవి ఒక కుప్ప. వీటికి ఓటు లేదు. "క్రీస్తు లేచాడా లేదా, చేతులెత్తండి" అని ఎవరూ అడగరు కదా! కానీ మనం నమ్మేదేమిటో ఒక్కొక్కరి చేత వాళ్ల సొంత మాటల్లో చెప్పించవచ్చు. రెండో కుప్ప సంఘం తేల్చుకోవాల్సినవి: కానుకల లెక్క, పెద్దల ఎంపిక, ఎవరి పదవి ఎన్నేళ్లు, ఆరాధన ఎన్ని గంటలకు. మూడోది చట్టం అడిగేవి. ఆంధ్రప్రదేశ్‌లో అయినా తెలంగాణలో అయినా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, మెమొరాండం (సంఘం ఉద్దేశాలు చెప్పే పత్రం), బైలాస్ (నడిపే నియమాలు) ఇవ్వాలి. (ఇక్కడా ఏడుగురే. ఇందులో ప్రవచనం వెతకొద్దు.) ఆ ఏడుగురూ పాస్టరు గారి భార్య, తమ్ముడు, బావమరిది కాకుండా చూసుకోండి. బైలాస్ భాష వకీలు చేత రాయించుకోవచ్చు. చార్టు మీది మాటలు మాత్రం అలాగే గోడకు ఉండనివ్వండి.

రెండో కుప్పలో తేల్చుకున్నవాటిని "వచ్చే క్రిస్మస్ దాకా ఇలా నడిపి చూద్దాం" అని గడువు పెట్టి మొదలుపెట్టండి. గడువు ఉంటే ఒప్పుకోనివాళ్లు కూడా ఓపిక పడతారు.

"కొత్తగా వచ్చినవాళ్లకు ఏం తెలుసు, వాళ్లనెందుకు అడగడం?" అని పెద్దలు అనవచ్చు. 1912 డిసెంబరు 29న దోర్నకల్‌కు బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ చేతులు తమ తల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారని చెబుతారు. తల ఇంకా తడిగా ఉండగానే పని అప్పగించారన్నమాట. అంత పెద్ద పని అప్పగించదగినవాళ్లను కానుక పెట్టె తాళం గురించి అడగకూడదా?

ఈ వారం అభ్యాసం: నోటుబుక్కు తీసి, గత మూడు నెలల్లో కూడికలో ఒక్కసారి కూడా నోరు తెరవని ఐదుగురి పేర్ల కింద గీత గీయండి. వాళ్ల ఇళ్లకు వెళ్లండి. బైబిలు తీసుకెళ్లండి, ప్రార్థన చేయండి, కానీ వాక్యం చెప్పకండి. "మన సంఘంలో మీకు నచ్చనిది ఏమిటి?" అని అడిగి ఊరుకోండి. మొదటి జవాబు "ఏమీ లేదు అయ్యగారూ" అనే వస్తుంది. టీ తాగేదాకా ఆగండి. రెండో జవాబు రాసుకోండి.

ఆ ఐదు జవాబులతోనే 5వ పాఠం మొదలవుతుంది: పెద్దలను ఎన్నుకోవడం, ఓటు చీటీలా, చేతులెత్తడమా, పేర్లు కలిపి చీట్లు తీయడమా.