కథలో ఊళ్లకు పేర్లు దొరక్కపోతే

సైన్స్ ఫిక్షన్ కథకి ఊరి పేరు దొరక్క పూటంతా పోయేది. ఇప్పుడు హీబ్రూ ఊళ్ల పద్ధతి వాడుతున్నాను, పది నిమిషాల్లో తేలిపోతోంది.

తెలుగు బైబిల్లో బేత్లెహేము చూడండి: బేత్ అంటే ఇల్లు, లెహెం అంటే రొట్టె. అలాగే రెండు మాటలు కలపాలి. ముందు నేల మాట: బెయేర్ బావి, ఐన్ ఊట, హర్ కొండ, తెల్ దిబ్బ. తర్వాత గుర్తు: కోఖవ్ నక్షత్రం, ఓర్ వెలుగు. నీళ్లకోసం తవ్విన నా కాలనీ ‘బెయేర్ కోఖవ్’ అయింది. పలికితేనే దాహం గుర్తొస్తుంది!

వరుస మాత్రం తెలుగులా తిప్పకండి, ‘కోఖవ్ బెయేర్’ అంటే అర్థం చెడుతుంది. బైబిల్లోని బేతేలు అనే ఊరి పేరులో లాగా చివర ‘ఏల్’ వస్తే దేవుడని అర్థం, దుష్టుల కోటకి అది పెట్టొద్దు.