కారు షెడ్డులో ఊగని పనిబల్ల

కారు షెడ్డులో ఒక మూల చెక్కపని, చిన్న చిన్న మరమ్మతులు మొదలుపెట్టినవారిలో చాలామంది ఇంట్లో మూలపడిన పాత రాతబల్లనే తెచ్చి పనిబల్లగా వాడుకుంటారు. దానికి ఒక పలకను బిగించి రంపం నడిపిన మొదటి రోజే లోపం బయటపడుతుంది. రంపం ముందుకు వెళితే బల్ల కూడా ముందుకు వెళుతుంది, రంపం వెనక్కి వస్తే బల్ల కూడా వస్తుంది, చేతిలోని సత్తువలో సగం బల్లను ఊపడానికే పోతుంది. అందుకే పనిబల్లకు అరలూ సొరుగులూ నునుపూ తరువాతి సంగతి. ముందు అది ఊగకూడదు. ఇక్కడ చెప్పబోయే బల్ల 150 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇంతకంటే వెడల్పు పెంచితే గోడవైపున్న వస్తువు చేతికి అందదు, అందని చోటల్లా సామాను పేరుకుపోతుంది.

ఎత్తు ఎంత ఉండాలని ఇరుగుపొరుగు వారిని అడిగితే ఎంతమంది ఉంటే అన్ని కొలతలు వినిపిస్తాయి. మా వీధిలో చెక్కను గీకి నునుపు చేసే చిత్రిక పని ఎక్కువగా చేసే పెద్దాయన బల్ల నడుము కంటే బాగా కిందికి ఉండాలంటారు. పాత గడియారాలు విప్పి బిగించే ఎదురింటాయన మోచేతి దాకా రాకపోతే అదేం బల్ల అంటారు. ఇద్దరి మాటా నిజమే. చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువు పనిముట్టు మీద పడాలి కాబట్టి బల్ల తక్కువ ఎత్తులో ఉంటే మంచిది. సన్నని పనికి కంటి దగ్గరికి రావాలి కాబట్టి ఎక్కువ ఎత్తు కావాలి. అన్ని రకాల పనులూ చేసేవారు షెడ్డులో వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడి, చేతులు వదులుగా కిందికి వదిలి, నేల నుంచి మణికట్టు మడత దాకా ఉన్న ఎత్తును కొలుచుకుంటే సరిపోతుంది. చాలామందికి అది 80 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. సన్నని పని ఉన్న రోజు 15 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న పెట్టెను బల్ల మీద బిగించుకుంటే ఎదురింటాయన కోరిక కూడా తీరుతుంది. ఇకమీద చెప్పే కొలతలన్నీ 88 సెంటీమీటర్ల ఎత్తుకు లెక్క కట్టినవి. మీ మణికట్టు ఎత్తును బట్టి కాళ్ళ పొడవు మార్చుకోవాలి.

చట్రానికి 90 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు చాలు. కర్రను ఎంచుకునేటప్పుడు పలకను ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, దాని అంచు వెంట చూడాలి. కొద్దిపాటి వంపు ఉంటే బోల్టులు బిగించేటప్పుడు సర్దుకుంటుంది గాని, మెలి తిరిగిన పలకను ఏ బోల్టూ చక్కబరచలేదు. దాన్ని పక్కన పెట్టేయాలి. పచ్చి కర్రతో అసలు మొదలుపెట్టకూడదు. కర్ర ఆరేకొద్దీ పొడవులో దాదాపు తగ్గదు గాని వెడల్పులోనూ మందంలోనూ కుంచించుకుపోతుంది, నిన్న బిగిసిన అతుకు ఆ మేరకు వదులవుతుంది. ఆరిన కర్రనే తెచ్చినా, పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, ఒకటి రెండు వారాలు షెడ్డులోనే ఉంచి ఆ తరువాత కోయడం మంచిది.

బల్ల బలమంతా కాళ్ళు కట్టే తీరులో ఉంది. ఒక్కో కాలిని రెండు పలకల మందంతో చేయాలి. లోపలి పలక పైనుంచి కిందిదాకా ఒకే ముక్కగా 868 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని ముందువైపు అడుగు నుంచి 180 మిల్లీమీటర్ల ముక్కను జిగురుతో అతికి, దానిపైన అడ్డపలక కూర్చోవడానికి 90 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆపైన 508 మిల్లీమీటర్ల ముక్కను అతికించాలి. ఆ తరువాత తలభాగంలో మరో 90 మిల్లీమీటర్ల ఖాళీ తనంతట తానే మిగులుతుంది. ఈ రెండు ఖాళీలలో నిలువున కూర్చునే అడ్డపలకలు 130 సెంటీమీటర్ల పొడవుతో ముందు రెండు, వెనుక రెండు ఉంటాయి. ఇంత శ్రమ ఎందుకంటే, అడ్డపలకను కాలి పక్కన ఊరికే మరలతో బిగిస్తే పైన పడే బరువంతా ఆ మరలే మోయాలి. ఇక్కడ అడ్డపలక కిందనున్న చెక్కముక్క మీద కూర్చుంటుంది కాబట్టి బరువు చెక్క నుంచి చెక్కకు, అక్కడి నుంచి నేలకు దిగిపోతుంది. మరల పని అది పక్కకు జరగకుండా పట్టి ఉంచడమే.

868 మిల్లీమీటర్లలో 30 మిల్లీమీటర్లు కావాలని ఎక్కువగా ఉంచినవి. అవి ఎందుకో తరువాత తెలుస్తుంది, ఇప్పుడే కోసేయవద్దు. నాలుగు కాళ్ళకూ ఒక్కోసారి టేపు పట్టి కొలవడం కంటే మొదటి పలకను జాగ్రత్తగా కొలిచి కోసి, దాని మీద ‘ఆది’ అని రాసుకుని, మిగతావన్నీ దానికే ఆనించి గీత గీసుకోవాలి. రెండోదాన్ని చూసి మూడోదాన్ని, మూడోదాన్ని చూసి నాలుగోదాన్ని కోస్తే ప్రతిసారీ పెన్సిలు గీత మందమంత తేడా చేరి, చివరి కాలు వచ్చేసరికి ఆ తేడా కంటికే కనిపిస్తుంది.

మరలు బిగించే ముందు బెజ్జాలు వేయడం బద్ధకించవలసిన పని కాదు. 5 మిల్లీమీటర్ల మరకు పై పలకలో 5 మిల్లీమీటర్ల బెజ్జం, కింది పలకలో 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. పై పలకలో మర స్వేచ్ఛగా తిరుగుతూ జారితేనే దాని తల పై పలకను కిందికి లాగి అదిమిపెడుతుంది. రెండు పలకల్లోనూ మర చుట్లు పట్టుకుంటే వాటి మధ్య ఉన్న సందు అలాగే ఉండిపోతుంది. ఎంత బిగించినా మూసుకోదు, చేయి నొప్పి పుట్టడమే మిగులుతుంది. రెండు పలకల మందం కలిపి 90 మిల్లీమీటర్లు కాబట్టి 80 మిల్లీమీటర్ల మర సరిపోతుంది, మొన అవతలికి పొడుచుకు రాదు. జిగురు చెక్క పక్కభాగాల మధ్య బాగా పడుతుంది గాని, అడ్డంగా కోసిన చివరలు దాన్ని పీల్చేసుకుంటాయి కాబట్టి అక్కడ జిగురును నమ్ముకోకూడదు.

ముందు చట్రం, వెనుక చట్రం తయారయ్యాక రెండింటినీ కలిపే పక్కపలకలను కాళ్ళ బయటివైపున, పైనొకటి కిందొకటి చొప్పున బిగించాలి. ఇక్కడ మరలు వద్దు. 10 మిల్లీమీటర్ల బోల్టులు, రెండువైపులా వెడల్పాటి వాషర్లు వాడాలి. కాలి వెడల్పు, పక్కపలక మందం కలిపి 135 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి 150 మిల్లీమీటర్ల బోల్టు కావాలి. ప్రతి అతుకుకూ రెండు బోల్టులు ఐమూలగా ఉండాలి, ఎందుకంటే ఒకే బోల్టు ఉంటే పలక దాని చుట్టూ తిరుగుతుంది. పూర్తిగా బిగించే ముందు టేపుతో చట్రం ఐమూలలు రెండూ కొలవాలి. రెండూ సమానంగా వస్తే చట్రం మూలమట్టానికి ఉన్నట్టే. తేడా ఉంటే పొడవుగా వచ్చిన ఐమూల చివరలను దగ్గరికి నొక్కి, మళ్ళీ కొలిచి, అప్పుడు బిగించాలి.

ఇంతవరకు వచ్చినా బల్లను పొడవువైపు తోస్తే ఇంకా కొద్దిగా ఊగుతుంది. నాలుగు కర్రలతో కట్టిన చదరాన్ని పక్కకు నొక్కితే అది వాలిపోతుంది, మూడు కర్రలతో కట్టిన ముక్కోణాన్ని ఎంత నొక్కినా కదలదు. ఐమూలగా ఒక పట్టీ కొడితే చదరం రెండు ముక్కోణాలవుతుంది. అంతకంటే తేలికైన పద్ధతి ఏమిటంటే, వెనుకవైపు రెండు అడ్డపలకలనూ కాళ్ళనూ కలుపుతూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ళను 15 సెంటీమీటర్లకొక మర చొప్పున కొట్టేయడం. ఊగుడు అక్కడితో ఆగిపోతుంది, కింద అర వేసుకుంటే దాని మీద పెట్టిన వస్తువులు గోడవైపు జారిపోకుండా కూడా ఉంటాయి.

పై పలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు వేయాలి. ఈ ఒక్క పనికి మాత్రం పొరుగింటివారిని తప్పక పిలవండి, ఎందుకంటే తెల్ల చెక్కజిగురు రాసిన కొద్ది నిమిషాలకే పైన తెట్టు కట్టడం మొదలవుతుంది, ఒంటరిగా రాస్తూ, సర్దుతూ, బిగిస్తూ ఉంటే సమయం చాలదు. ఒకరు జిగురును అంతటా పలుచగా పరుస్తుంటే మరొకరు క్లాంపులు, బరువులు అందుబాటులో పెట్టుకోవాలి. అడుగు నుంచి 30 మిల్లీమీటర్ల మరలు కొడితే 36 మిల్లీమీటర్ల మందంలో మొన పైకి రాదు. మాటల్లో పడి జిగురు ఆరిపోనివ్వకుండా చూసుకుంటే, మిగతా కబుర్లు క్లాంపులు బిగించాక తీరిగ్గా చెప్పుకోవచ్చు. పూర్తి పట్టు రావడానికి ఎలాగూ ఒక రోజు పడుతుంది. ఆరాక దీన్ని ఇనుప ఎల్ పట్టీలతో చట్రానికి బిగించి, దాని మీద 6 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డును చిన్న మరలతో పరిస్తే, అది గాట్లు పడి పాడైనప్పుడు విప్పేసి కొత్తది వేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ 30 మిల్లీమీటర్ల సంగతి. నా మొదటి బల్లను షెడ్డులో నిలబెట్టగానే కుంటింది. పొడవుగా కనిపించిన కాలును కొంచెం కోశాను, అవతలి కాలు లేచింది. దాన్ని కోశాను, ఇవతలిది లేచింది. రెండు పిల్లుల రొట్టెను కోతి పంచినట్టు కోసుకుంటూ పోయి నాలుగు వేళ్ళ ఎత్తు పోగొట్టుకున్నాక, గేటు దగ్గర నిలబడి అంతసేపూ చూస్తున్న చిత్రిక పెద్దాయన, “బాబూ, బల్ల సరిగ్గానే ఉంది, నేలే వాలుగా ఉంది” అన్నారు. కారు తెచ్చిన వాననీరు బయటికి పోవడానికి షెడ్డు నేలను తలుపువైపు మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుతో పోయడం మామూలే. ఆ సంగతి తెలియకపోతే చదునైన నేలకు చేసిన బల్ల అక్కడ ఎప్పటికీ కుదురుకోదు.

ఆయన చూపించిన పద్ధతి ఇది. బల్లను అది శాశ్వతంగా ఉండబోయే చోటే నిలబెట్టి, పైన మట్టం చూపే బుడగ ఉన్న రసమట్టం పెట్టి, పొడవులోనూ వెడల్పులోనూ బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళ కింద పలుచని చెక్కముక్కలు దూర్చాలి. రసమట్టాన్ని నమ్మే ముందు దాన్ని అటుదిటు తిప్పి అదే చోట పెట్టి చూడాలి. రెండుసార్లూ బుడగ ఒకే చోట ఆగకపోతే తప్పు రసమట్టానిదే. బల్ల మట్టానికి వచ్చాక సరిగ్గా 30 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్కముక్కను నేల మీద పెట్టి, దానిపైన పెన్సిలును పడుకోబెట్టి, మొన కాలికి తగిలేలా ముక్కను నేల మీదే జరుపుతూ కాలి చుట్టూ గీత గీయాలి. పడుకోబెట్టిన పెన్సిలు మొన చెక్కముక్క కంటే కొద్దిగా ఎత్తులో ఉంటుంది గాని, నాలుగు కాళ్ళకూ ఆ తేడా ఒకటే కాబట్టి బెంగ లేదు. నేల ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ ఎక్కువ, పల్లంగా ఉంటే తక్కువ కోతకు గీత దానంతటదే పడుతుంది. నేలలోని వాలు కూడా ఆ గీతలోకి వచ్చేస్తుంది కాబట్టి, బల్లను పడుకోబెట్టి గీత వెంట కోస్తే ప్రతి అడుగూ తన చోటి నేలకు అతికినట్టు కూర్చుంటుంది. కోసిన అడుగులకు నీళ్ళు కలిపిన జిగురునో రంగునో రెండు పూతలు పూసి, కింద రబ్బరు ముక్కలు వేయాలి. లేకపోతే కాంక్రీటులోని చెమ్మను కర్ర చివరలు వత్తిలా పైకి పీలుస్తాయి.

పని ముక్కను కదలకుండా పట్టి ఉంచే వైసును ఎప్పుడూ కాలికి సరిగ్గా పైన బిగించాలి, అప్పుడు సుత్తి దెబ్బ పలకను అదరగొట్టకుండా కాలి గుండా నేలకు పోతుంది. కుడిచేతి వాటం వారికి చెక్కపని వైసు ముందువైపు ఎడమ మూలన అనువుగా ఉంటుంది. దీపం కూడా ఎడమవైపు నుంచి పడితే చేతి నీడ గీత మీద పడదు.

పనిముట్లు అరువు తెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బెజ్జాలు వేసే బరమా, క్లాంపులు, పొడవాటి రసమట్టం అడగవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు తుడిచి, బ్యాటరీ నింపి ఇవ్వాలి. ఉలి, చిత్రిక మాత్రం అడగకపోవడమే మర్యాద, ఎందుకంటే వాటి పదును యజమాని చేతివాటానికి తగ్గట్టు పట్టినది, ఒక్క మేకు తగిలినా గంటసేపటి శ్రమ పోతుంది. కరెంటు రంపం చప్పుడు నూరు డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది కాబట్టి మీ చెవులకు మూతలు పెట్టుకోండి, గోడ అవతలివారికి ముందే ఒక మాట చెప్పి కోతపనంతా ఒకే పూటలో ముగించండి.

హార్డ్‌బోర్డుకు అవిసె నూనె పట్టించదలిస్తే, తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు కూడా వెయ్యకుండానే గుడ్డ అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టాలి. పెట్రోలు డబ్బా కూడా షెడ్డులో పని జరిగే చోట ఉండకూడదు. దాని ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల బారుగా పాకి, రంపం మోటారు రవ్వ దాకా వస్తుంది.

బల్ల వాడకంలోకి వచ్చిన నెల రోజులకు పక్కపలకల బోల్టులన్నింటికీ మరోసారి పానా పట్టి చూడండి. షెడ్డు గాలికి కర్ర ఇంకొంచెం ఆరి ఉంటుంది కాబట్టి ప్రతి నట్టూ కొంత తిరుగుతుంది. వాషరు కర్రలోకి దిగబడడం మొదలవగానే ఆపేయాలి.