రొమేనియన్ ఆరాధన పాట గిటార్ మీద పాడాలంటే

మా బావ పనికని రొమేనియా రాజధాని బుకారెస్ట్ వెళ్లాక, అక్కడి చర్చిలో పాడే పాటలు వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాడు. ఒక గిటారు, రెండు గొంతులు, అంతే. కర్నూలు బుధవారపేటలో మా యూత్ పిల్లలకు ఇప్పుడు అవే నేర్పుతున్నాను. మీరూ నేర్చుకోవాలనుకుంటే గిటార్ పక్కన పెట్టి, ముందు మాట పట్టుకోండి.

'ఇత్స్ ముల్‌త్సుమెస్క్, ద్వామ్నె.' ప్రభువా, నీకు కృతజ్ఞతలు అని. ఆ 'త్స' కొత్తదేం కాదు, 'చాలు', 'చలి' అనేటప్పుడు మన నోట పలికే చ అదే. మొదటి 'ఇ' మాత్రం కష్టం. పెదాలు ఇ అన్నట్టే ఉంచి, నాలుకను ఉ అనేటప్పటిలా వెనక్కి లాగాలి.

అసలు తంటా మాట చివర. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది కదా, పిల్లలు 'మెస్కు' అనేస్తారు. ఆ ఉ వల్ల ఒక అక్షరం పెరిగి తాళం జారుతుంది, గిటార్ కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) మారే చోటికి గొంతు ఆలస్యంగా వస్తుంది. చప్పట్లు కొడుతూ పదిసార్లు 'మెస్క్' దగ్గరే ఆపించండి.

దోమ్నుల్ అంటే ప్రభువు. పిలిస్తే ద్వామ్నె. మనం 'ప్రభువా' అన్నట్టే. ఇసుస్, అంటే యేసు, కూడా పిలుపులో ఇసుసె అవుతాడు. ఆ 'ఎ' వినబడితే పాట ప్రార్థన అయిందని అర్థం. అక్కడ స్ట్రమ్మింగ్ తగ్గించి, తీగలు మెల్లగా మీటండి.

రొమేనియాలో ఆర్థడాక్స్ వాళ్లే ఎక్కువ, వాళ్ల ఆరాధనలో సంప్రదాయంగా వాయిద్యాలుండవు. గిటార్ పాటలు ఎక్కువగా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవి. వాళ్లు చదివేది ఎక్కువగా 1921లో వచ్చిన కోర్నిలెస్కు బైబిల్ అనువాదం. పాట ఏదైనా కీర్తన మీద కట్టినదైతే, అదే నంబరు కీర్తన మన బైబిల్లో తెరిచి పక్కన పెట్టుకోండి. అర్థం సగం తేలిపోతుంది.

కార్డ్స్ సోల్, రె, మి మినోర్, దో అని రాసి ఉంటే అవి జి, డి, ఇ మైనర్, సి. దో ఎప్పుడూ సి, మన స లాగా శ్రుతిని బట్టి మారదు. ఇది తెలియక నేను ఒక పాటను వారం రోజులు తప్పు శ్రుతిలో నేర్పాను. గొంతుకు మరీ కింద అనిపిస్తే రెండో ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి, వేళ్లు జి లోనే, పాట ఎ లో.

రిథమ్ ప్యాడ్ వద్దు, తబలా కూడా వద్దు. పాడేముందు ప్రతి చరణం అర్థం తెలుగులో ఒక్క మాటలో చెప్పండి. పోయిన ఆదివారం అలా చెప్పి పాడితే, ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ రెండోసారికే కళ్లు మూసుకుని 'ద్వామ్నె' అని గొంతు కలిపింది.